హౌసింగ్ బోర్డు ఇళ్ల పనిలో ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు: మన చెన్నైలో కుదిరే పనేనా?

కేళంబాక్కం సివిల్ మాస్టారు | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కేళంబాక్కం వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సివిల్ చెప్తాను. సొంతూరు ఒంగోలు, చెన్నై వచ్చి 14 ఏళ్లయింది. నెల రోజులుగా ఒకటే ఆలోచన బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ పెడితే నాలుగు మాటలు వింటానని రాస్తున్నాను.

మా పిల్లలు నాలుగేళ్లలో స్లాబు డిజైన్ కాగితం మీద ఎన్నిసార్లు చేస్తారో లెక్కలేదు, కానీ స్లాబు వేసే రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా సైట్లో నిలబడినవాడు క్లాసులో ఒక్కడు ఉంటే ఎక్కువ. ఇంకోవైపు చూస్తే మనకు దగ్గర్లోనే పెరుంబాక్కంలో ప్రభుత్వం వేల ఇళ్లు కట్టింది. అక్కడే లైట్ హౌస్ ప్రాజెక్టు కింద 1152 ఇళ్లు, 12 బ్లాకులు, ముందే పోసి గట్టిపడిన కాంక్రీటు భాగాల్ని సైట్లో క్రేన్‌తో జోడించి కట్టారు. 2021 జనవరి 1న శంకుస్థాపన, 2022 మే 26న ప్రారంభం. దేశంలో ఆరు ఊళ్లలో ఆరు రకాల పద్ధతుల్లో కట్టినవాటిలో మనది ఒకటి. అప్పుడు విద్యార్థుల్ని ‘టెక్నోగ్రాహి’ అని పేర్లు నమోదు చేయించి, చూసి నేర్చుకోమన్నారు. మంచి పనే. కానీ ఎంత నేర్చుకున్నా చూసి రావడం చూసి రావడమే.

నేననేది ఏంటంటే, ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ, కాలేజీ ఒప్పందం రాసుకుని, ఆరుగురు పిల్లల్ని ఒక బ్లాకుకి కట్టేయాలి. పునాది తవ్వకం నుంచి, జనం ఇంట్లో చేరి ఒక ఏడాది గడిచేదాకా ఆ బ్లాకు వాళ్లది. ఇది జరిగే పనేనా? ఆ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఏఈ, అన్నానగర్ | మంగళవారం, రాత్రి 10:55

మాస్టారూ, 31 ఏళ్లు ప్రభుత్వ ఇంజినీరింగ్ విభాగంలో చేసి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)గా దిగినవాణ్ణి, కాబట్టి లోపలి సంగతి చెప్తాను. బోర్డు తన చేత్తో ఇల్లు కట్టదు. ఎస్టిమేటు వేస్తుంది, టెండర్ పిలుస్తుంది, కాంట్రాక్టరు కడతాడు, మేం కొలిచి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకం) ఎక్కిస్తే బిల్లు పాసవుతుంది. ఇల్లు అప్పగించాక కూడా కొంతకాలం లోపం వస్తే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాలని అగ్రిమెంటులో ఉంటుంది. ఇప్పుడు మీ పిల్లవాడు ఒక గోడ కట్టాడనుకోండి. ఆరు నెలలకి అక్కడ చెమ్మ వచ్చింది. కాంట్రాక్టరు ఒకటే మాట అంటాడు: ‘ఆ గోడ నాది కాదు సార్, కాలేజీ వాళ్లది.’ ఆ ఒక్క గోడ అడ్డం పెట్టుకుని మొత్తం బ్లాకు బాధ్యత నుంచి తప్పుకుంటాడు. ఫైలు మీద సంతకం పెట్టే ఏ ఇంజినీరూ దీనికి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

అయితే రెండు చోట్ల దారి ఉంది. ఒకటి, పనికి సంబంధం లేకుండా పరీక్షించి రాసే పని. ఇది ఉన్నదే. 2021 ఆగస్టులో పుళియంతోప్పు కె.పి. పార్కు ఇళ్లలో చేత్తో గీస్తే ప్లాస్టరింగ్ రాలిపోతోందని గోల అయినప్పుడు ప్రభుత్వం ఐఐటీ మద్రాసులో కట్టడాల మీద పనిచేసే ‘క్యూబ్’ అనే కేంద్రాన్నే పరీక్షించమంది. కానీ గుర్తుపెట్టుకోండి, అది జనం చేరాక జరిగింది. రెండోది, టెండర్లో కలవని చిన్న కట్టడాలు: అంగన్‌వాడీ గది, చదువుకునే హాలు, మెట్ల పక్కన ర్యాంపు. వాటిని విడిగా కాలేజీకి ఇవ్వొచ్చు.

బోర్డు ఫ్లాట్ అక్క | బుధవారం, ఉదయం 6:20

నేను చదువుకున్నదాన్ని కాదు, పదో తరగతి. టైలరింగ్ చేస్తాను. మా అమ్మానాన్నలు నెల్లూరు నుంచి వచ్చి కాలవ గట్టున గుడిసె వేసుకున్నారు, నేను అక్కడే పుట్టాను. గుడిసెలు తీసేసి మమ్మల్ని ఊరి చివర బ్లాకుల్లో పెట్టారు. కాలనీ పేరు రాయను.

మా ఇల్లు నాలుగో అంతస్తు. వాన పడమర గోడకి కొడితే కిటికీ కింద నుంచి చెమ్మ దిగుతుంది. మొదటి ఏడాది బీరువా ఆ గోడకే ఆనించాను, వెనకంతా బూజు పట్టి కస్టమర్ల బట్టలు రెండు పాడయ్యాయి, డబ్బులు నేనే కట్టుకున్నాను. ఎవరికి చెప్పినా రాసుకుని పోయారు. ఒకసారి కాలేజీ పిల్లలు వచ్చారు, ఇరవై మంది. గదిలో పట్టక బయట నిలబడ్డారు. ఇంట్లో ఎంత మంది, మరుగుదొడ్డి ఉందా, బస్సు ఉందా అని కాగితం నింపుకుని, మా పాప ఫొటో తీసుకుని వెళ్లారు. ఆ కాగితం ఏమైందో తెలియదు, వాళ్లు మళ్లీ రాలేదు. కోపంగా అనట్లేదు సార్. మీ పిల్లలు మళ్లీ మళ్లీ వచ్చేట్టయితేనే రమ్మనండి. ఒక్కసారి వచ్చేట్టయితే మాకొద్దు.

కేళంబాక్కం సివిల్ మాస్టారు | బుధవారం, ఉదయం 7:05

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అలా కాగితాలు నింపించుకుని వెళ్లిన బ్యాచిల్లో మా కాలేజీ పిల్లలు కూడా ఉండొచ్చు, ఆ తప్పు మాదే. ఒక చిన్న పని చేయండి. ఆ కిటికీ కింద బీట ఉంటే, అది ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. పెరిగితే మళ్లీ గీత, మళ్లీ తేదీ. రేపు ఎవరితో మాట్లాడాల్సొచ్చినా ఆ తేదీలు పనికొస్తాయి.

తాపీ శ్రీకాకుళం | బుధవారం, రాత్రి 8:30

నేను తాపీ మేస్త్రిని. మాది టెక్కలి దగ్గర పల్లె. చెన్నైలో 19 ఏళ్ల నుంచి మా వైపు మనుషుల్ని తెచ్చి పని చేయిస్తున్నాను. ఫోన్లో మాట్లాడి రాయిస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

పిల్లలు వస్తానంటే సంతోషం. కానీ ముందు ఒక మాట తేల్చండి, ఊరికే చేసే కూలీలుగా తెస్తారా? అట్లయితే మా కడుపు కొట్టినట్టే. 20 మంది కుర్రాళ్లు ఇటుకలు మోస్తే కాంట్రాక్టరు మా వాళ్లని 20 మందిని తగ్గిస్తాడు, ఎక్కడైనా జరిగేదే. పిల్లలు నేర్చుకునేదానికి వస్తే మా దినకూలీ తగ్గకూడదు, వాళ్లకి నేర్పే మేస్త్రికి దానికంటూ వేరే కూలీ ఇవ్వాలి. నేను ఒక కుర్రాడికి తాపీ పట్టడం నేర్పితే ఆ రోజు నా పని సగం తగ్గుతుంది కదా.

ఇంకోటి, సైట్లో చదువుకున్న పిల్లాడు నా పక్కన ఉంటే నాకు బలం. సిమెంటు తక్కువ కలపమని పైనుంచి చెప్తే నేను కాదనలేను, పని పోతుంది. చేతిలో పుస్తకం పట్టుకుని వాడు రాస్తూ ఉంటే చెప్పేవాడికీ భయం ఉంటుంది.

మూడో ఇయర్ నెల్లూరు | బుధవారం, రాత్రి 11:48

మాస్టారూ, నేను మీ కాలేజీ కాదు గానీ ఈ రోడ్డు మీదే చదువుతున్నాను. పోయిన వేసవిలో ఒక అపార్ట్‌మెంట్ సైట్లో 6 వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. మొదటి 4 వారాలు ఆఫీసు కంటైనర్లో ఎక్సెల్ షీట్ నింపించారు. ఐదో వారం సైట్ ఇంజినీర్ సెలవు పెట్టడంతో నన్ను కాంక్రీటు దగ్గర నిలబెట్టారు, నేను నేర్చుకున్నదంతా ఆ రెండు వారాల్లోనే.

ఒకటి మాత్రం మర్చిపోలేను. స్లాబు పోసిన రోజు అదే కాంక్రీటుతో, తర్వాత బలం పరీక్షించడానికి క్యూబులు (ఘనాలు) తీస్తాం కదా, 150 మిల్లీమీటర్ల అచ్చుల్లో. మర్నాడు అచ్చు విప్పి నీళ్ల తొట్టిలో వేశాను. తొట్టి నీడలో ఉంది, నీళ్లు నిండుగా ఉన్నాయి, 28 రోజులకి ఆ క్యూబులు హాయిగా పాసవుతాయి. అదే కాంక్రీటుతో పోసిన స్లాబు పైన మే నెల ఎండలో పడి ఉంది. గోనె సంచులు పరిచారు, పొద్దున ఒకసారి తడిపారు, మధ్యాహ్నం 2 గంటలకి పైకెళ్లి చూస్తే సంచులు అప్పడాల్లా ఉన్నాయి. చేయి పెట్టలేకపోయాను. రిపోర్టులో మాత్రం రెండింటికీ ఒకటే నంబరు. తొట్టిలో ఉన్న క్యూబు మాకు పంపిన కాంక్రీటు మంచిదేనని చెప్తుంది గానీ, దానికి మేం నీళ్లు పట్టామా లేదా అన్నది చెప్పదు కదా. పుస్తకంలో ఇది చదివాను, కానీ ఆ సంచి మీద చేయి వేసేదాకా అర్థం కాలేదు.

మా నెల్లూరు భగత్‌సింగ్ కాలనీలో 36 ఇళ్లు జిప్సం పలకలతో కట్టారు, ఐఐటీ మద్రాసు వాళ్లు అభివృద్ధి చేసిన పద్ధతి. ఎరువుల ఫ్యాక్టరీ పక్కన గుట్టలుగా మిగిలిపోయే జిప్సంతో చేసిన పలకలు, ఒక్కోటి 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, మందం 124 మిల్లీమీటర్లే. ఐఐటీ క్యాంపస్‌లో 2013లో రెండంతస్తుల ఇల్లు కట్టి చూపించారు. ఆ పలక లోపల ఖాళీ గదుల్లా ఉంటాయి, కొన్నింటిలో కాంక్రీటు నింపుతారు. అందులో చేరిన కుటుంబానికి మేకు ఎక్కడ కొట్టొచ్చో, షెల్ఫు ఎక్కడ తగిలించకూడదో ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించాలి. ఆ పని మాలాంటి వాళ్లు చేయొచ్చు కదా?

అడయార్ ఆర్కిటెక్ట్ | గురువారం, ఉదయం 10:12

తమ్ముడూ, బాగా రాశావు. మేకు విషయం నవ్వులాట కాదు. మా పిన్నికి ఆంధ్రాలో టిడ్కో ఇల్లు వచ్చింది. అక్కడ గోడలన్నీ అల్యూమినియం ఫారాలు బిగించి పోసిన కాంక్రీటు, ఇటుక లేదు. దేవుడి పటం తగిలించడానికి మేకు దిగదు, కొత్త ప్లగ్గు పాయింటు కావాలంటే గోడ చెక్కడానికి లేదు. కట్టే ముందే వంటగట్టు పక్కన, కుట్టుమిషన్ పెట్టుకునే చోట పాయింట్లు ఎక్కడ కావాలని అడిగి ఉంటే సరిపోయేది. డ్రాయింగ్ దశలో అడిగితే రూపాయి ఖర్చు లేదు.

మన దగ్గర ఆర్కిటెక్చర్ పిల్లలకి చివరి ఏడాది థీసిస్‌లో ‘తక్కువ ఆదాయ గృహాలు’ అనేది ఎంతోమంది తీసుకుంటారు. వంద మోడళ్లు తయారవుతాయి, జ్యూరీ అయిపోగానే అట్టముక్కలు చెత్తలో పడతాయి. అదే శ్రమ బోర్డు నిజంగా వేయబోయే ఒక టైప్ ప్లాన్ (అన్ని ఇళ్లకీ వాడే ఒకే నమూనా) మీద పెడితే ఎంత బాగుంటుందో ఆలోచించండి. మన తమిళనాడు ప్రభుత్వ ఇళ్ల పథకం కలైజ్ఞర్ కనవు ఇల్లంలో ఒక్కో ఇల్లు 360 చదరపు అడుగులు, సాయం 3.5 లక్షలు. 360 అడుగుల్లో మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, ఆడపిల్ల బట్టలు మార్చుకునేది ఎక్కడ అన్నది పెద్ద డిజైన్ సమస్యే. ఏ మాల్ డిజైన్ కన్నా తక్కువది కాదు.

మైలాపూర్ నుంచి అలబామా | గురువారం, రాత్రి 7:30

నేను పెరిగింది మైలాపూర్‌లో, ఇప్పుడు అలబామాలో ఉద్యోగం. ఇక్కడ ఆబర్న్ యూనివర్సిటీ వాళ్ల రూరల్ స్టూడియో అని ఉంది. 1993లో మొదలైంది. హేల్ కౌంటీ అనే పేద ప్రాంతంలో ఆర్కిటెక్చర్ విద్యార్థులు అక్కడే కాపురం ఉండి, ఆ ఊరివాళ్లకి ఇళ్లు కడతారు. 20 వేల డాలర్లలో ఇల్లు ఎలా కట్టాలి అనే ఒక్క ప్రశ్న మీదే ఏళ్ల తరబడి బ్యాచి తర్వాత బ్యాచి పనిచేశారు. యేల్‌లో అయితే 1967 నుంచి మొదటి ఏడాది పిల్లలు ఏటా ఒక కట్టడం స్వయంగా కడుతున్నారు.

ఇంకా మామూలు స్థాయిలో, స్థానిక హౌసింగ్ అథారిటీ స్థలం ఇస్తే దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీ వడ్రంగం, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ పిల్లలు ఇల్లు కట్టి ఇవ్వడం ఇక్కడ ఉన్నదే. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరో, శిక్షకుడో పైన ఉంటాడు, సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడనిదే గోడ మూయనివ్వరు. అన్నట్టు, 1968 నాటి గృహనిర్మాణ చట్టంలో సెక్షన్ 3 అని ఒకటుంది. ప్రభుత్వ గృహనిర్మాణ డబ్బుతో వచ్చే ఉద్యోగాలు, శిక్షణ వీలైనంతవరకు ఆ చుట్టుపక్కల పేదవాళ్లకే ముందు దక్కాలని. మేస్త్రి గారు అడిగినదానికి ఇది దగ్గరగా ఉంది. ఆ అక్క వాళ్ల కాలనీలో పాలిటెక్నిక్, ఐటీఐ చదివే పిల్లలు ఉంటారు కదా, వాళ్లని ముందు తీసుకోండి.

వేలచ్చేరి నాన్న | గురువారం, రాత్రి 9:15

మా అబ్బాయి సివిల్ రెండో సంవత్సరం. మీరంతా మంచి మాటలే చెప్తున్నారు, నా టెన్షన్ నాది. కిందటి ఏడాది సైట్ విజిట్‌కి వెళ్లి మేకు తొక్కాడు, బూటు అడుగు చీల్చుకుని పాదంలో దిగింది. కాలేజీ వాళ్లు సైట్ వాళ్లది బాధ్యత అన్నారు, సైట్ వాళ్లు మా మనిషి కాదన్నారు. ఆసుపత్రి ఖర్చు మేం పెట్టుకున్నాం, అది పెద్ద విషయం కాదు. కానీ పైనుంచి ఏదన్నా పడి ఉంటే? పిల్లలు రోజూ వెళ్లే పనైతే ఇన్సూరెన్సు, సేఫ్టీ బూట్లు, బెల్టు ఎవరిస్తారో ఒప్పందంలో రాయకపోతే నేను సంతకం పెట్టను.

రిటైర్డ్ ఏఈ, అన్నానగర్ | గురువారం, రాత్రి 10:40

ఆయన అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. దీనికి అప్రెంటిస్ చట్టం దారి ఉంది, 1961 నాటిది. అప్రెంటిస్‌గా నమోదైతే వాడికి స్టైపెండ్ ఉంటుంది, గాయమైతే నష్టపరిహారం యజమాని మీద ఉంటుంది, ‘మా మనిషి కాదు’ అనడానికి వీల్లేదు. దక్షిణాది రాష్ట్రాలకి అప్రెంటిస్ బోర్డు ఆఫీసు మన తరమణిలోనే ఉంది. ఊరికే విజిటర్ పాస్ మీద తిప్పే పద్ధతి మానేసి ఈ దారిలో వెళ్లమంటాను. మేస్త్రి కూలీ భయం కూడా కొంత తగ్గుతుంది.

మాస్టారికి ఇంకో ప్రశ్న. బోర్డు నుంచి కన్సల్టెన్సీ ఫీజు తీసుకునే కాలేజీ, బోర్డు ఇళ్లలో లోపం ఉందని గట్టిగా రాస్తుందా? నా సర్వీసులో ‘స్వల్ప లోపాలు గమనించాం’ అనే వాక్యం ఎన్ని రిపోర్టుల్లో చదివానో.

బెంగళూరు నుంచి | శుక్రవారం, ఉదయం 8:20

మీ చర్చలోకి బెంగళూరు నుంచి వస్తున్నాను. ఇక్కడ ఐఐఎస్సీలో 1974లో ‘అస్త్ర’ మొదలుపెట్టారు, పల్లెలకి పనికొచ్చే సాంకేతికత కోసం. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి చేతి ప్రెస్‌తో నొక్కి చేసే ఇటుకలు అక్కడ పరిశోధన చేసి బయటికి తెచ్చారు. కాల్చక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు. ఈ నగరంలో ఆ ఇటుకలతో కట్టిన ఇళ్లు చాలానే కనిపిస్తాయి, కానీ ఎక్కువగా ఇష్టపడి కట్టించుకున్న మధ్యతరగతి, పైతరగతి వాళ్లవి. ప్రభుత్వ ఇళ్లలోకి ఆ స్థాయిలో వెళ్లలేదు. నాకు కనిపించిన కారణం ఒకటే, ఏ పనికి ఎంత రేటో ప్రభుత్వం రాసిపెట్టే రేట్ల షెడ్యూల్లో ఆ ఐటెం లేకపోతే ఇంజినీరు ఎస్టిమేటు వేయలేడు. కాలేజీ ల్యాబులో ఎంత గొప్పది కనిపెట్టినా షెడ్యూల్లో ఒక లైను పడేదాకా ఏమీ కాదు. మీ ఒప్పందంలో అది కూడా పెట్టుకోండి.

కేళంబాక్కం సివిల్ మాస్టారు | శుక్రవారం, రాత్రి 11:20

అందరివీ చదివాక నా మొదటి ఆలోచన చాలా మారింది. పిల్లల చేత ఇల్లు కట్టించాలన్నది పక్కన పెడుతున్నాను. ఏఈ గారు చెప్పినట్టు విడిగా ఒక చదువుకునే హాలు చాలు, అక్కడ తాపీ పట్టుకోవచ్చు, మేస్త్రి గారిలాంటి వాళ్లకి గురువు జీతం ఇచ్చి. బ్లాకుల దగ్గర మాత్రం వాళ్ల పని చూడటం, కొలవడం, రాయడం. గోనె సంచి తడిగా ఉందా అని రోజుకి మూడుసార్లు పైకెక్కి చూడటం కూడా అందులో ఉంటుంది.

ఫీజు గురించి ఏఈ గారూ, నాకు తోచిన మార్గం ఒక్కటే. ఆ రాసిన పేజీ ఫైల్లోకి పోకుండా, అదే రోజు బ్లాకు కింద నోటీసు బోర్డు మీద తమిళంలో అంటించాలి. ఎవరికి ఆ ఇల్లు రాబోతోందో వాళ్లు వచ్చి చదువుకుంటారు. అలా అంటించడానికి ఒప్పుకోని సంస్థతో మనం ఒప్పందం చేసుకోకపోయినా నష్టం లేదు. మా యాజమాన్యం దీనికి ఒప్పుకుంటుందో లేదో, అడగాలి. సోమవారం ప్రిన్సిపాల్‌ని కలుస్తున్నాను.

అసలు చిక్కు వేరే చోట ఉంది, రాత్రి క్యాలెండర్ ముందేసుకుంటే తెలిసింది. చెన్నైలో ఇంటికి పరీక్ష పెట్టేది ఈశాన్య రుతుపవనం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను, మనం ఎవరం మర్చిపోలేం. పలకల మధ్య అతుకు, కిటికీ కింద గట్టు, టెర్రస్ వాలు, డ్రైనేజీ, అన్నీ ఆ పది వారాల్లోనే బయటపడతాయి. సరిగ్గా అప్పుడే మాకు నవంబరు-డిసెంబరు సెమిస్టర్ పరీక్షలు, పిల్లలంతా హాస్టల్లో పుస్తకాల మీద ఉంటారు. ఇంటర్న్‌షిప్ ఏమో మే, జూన్ నెలల్లో, పెద్దగా వాన లేనప్పుడు. ఎండాకాలంలో ఏ గోడ చూసినా బాగానే ఉంటుంది. కాబట్టి ఈ పనికి మార్కులు వాన కాలంలో చేసిన పరిశీలనకే ఉండాలి, ఒక థియరీ పేపర్ బదులుగా. అలా చేయకపోతే ఒక్కడు కూడా రాడు, రమ్మని అడిగే హక్కు కూడా నాకు లేదు.

మూడో ఇయర్ నెల్లూరు | శనివారం, ఉదయం 9:02

మాస్టారూ, మార్కుల సంగతి తర్వాత. ఈ ఆదివారం అక్క వాళ్లింటికి మేం ముగ్గురం రావచ్చా? వాళ్లు ఒప్పుకుంటేనే. ఒక నాణెం తీసుకుని గోడంతా తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోట సుద్దతో గీసి, కొలిచి పటం వేసిస్తాం. ముగ్గురం అయితే గదిలో పడతాం.

బోర్డు ఫ్లాట్ అక్క | శనివారం, మధ్యాహ్నం 2:45

రండి బాబూ. 11 గంటల తర్వాత రండి, అప్పటిదాకా నీళ్ల పని ఉంటుంది. లిఫ్టు నమ్ముకోవద్దు.

నిన్న రాత్రి ఇక్కడ గట్టి వాన. మాస్టారు చెప్పారని బుధవారమే గీత గీశాను. పొద్దున చూస్తే బీట ఆ గీత దాటి నా చిటికెన వేలు గోరంత కిందికి వచ్చింది. తేదీ వేసి ఇంకో గీత గీశాను. బీరువా జరిపి ఉంచుతాను, వెనక కూడా చూడండి.